గూడూరు స్పార్ 40

మా పెద్దనాయన నోటుపుస్తకంలో ఊరగాయ జాడీలకి పూసే గ్లేజు ఒక్క వరసలో ఉంది: గూడూరు స్పార్ 40, పలుగు 30, సుద్ద 20, చీనామట్టి 10. దాని కింద పెన్సిలుతో "1280, నిదానంగా" అని రాసుకున్నారు. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

ఈ అంకెల్లో రహస్యం ఏమీ లేదు లెండి. నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఇంగ్లండు కుమ్మరి బెర్నార్డ్ లీచ్ పేరు పెట్టి లోకంలో పింగాణీ పని నేర్చుకునే ప్రతివాళ్ళూ వల్లించే పాళ్ళే ఇవి. జపానులో, అమెరికాలో, పాండిచ్చేరిలో ఎక్కడ అడిగినా చెప్తారు. అంటే అంకెలు అందరివీ. ఆ వరసలో మా ఇంటిది అనదగ్గది మొదటి మాట ఒక్కటే. ఇప్పుడు దొరకనిది కూడా అదే.

దొరకని ఆ రాయికి బదులు ఏం వెయ్యాలి అని మూడేళ్ళుగా మేము పడిన పాట్లు, ఆ పాట్లలో బయటపడిన కొంత చరిత్ర, ఇక్కడ రాసి పెడుతున్నాం. మేము అంటే పెద్దనాయన పిల్లలమూ, ఆయన తమ్ముడి పిల్లలమూ. మాలో సారె మీద కూర్చునేది మా వదిన ఒక్కతే. మిగతావాళ్ళం తూకాలు వేసేవాళ్ళం, లెక్కలు కట్టేవాళ్ళం, ఆవకాయ తినేవాళ్ళం.

ముందు ఈ స్పార్ సంగతి. ఫెల్‌స్పార్‌ని పనివాళ్ళు పొట్టిగా స్పార్ అంటారు. మీ వంటింటి గట్టుకి గ్రానైటు పలక ఉంటే ఒకసారి దగ్గరగా చూడండి. గాజులా ఉండే బూడిదరంగు గింజలు పలుగు. నల్లగా తళుక్కుమనే రేకులు అభ్రకం. తెల్లగానో గులాబీగానో చదునుగా మెరిసే బిళ్ళలు ఫెల్‌స్పార్. గ్లేజుకి కావలసిన మూడూ ఆ రాతిలో ఒక్కచోటే ఉంటాయి. గాజు అయ్యేందుకు సిలికా, ఆ గాజు కుండ మీంచి జారిపోకుండా పట్టి ఉంచేందుకు అల్యూమినా, ఈ రెంటినీ కరిగించేందుకు క్షారం. క్షారం కట్టెబూడిదలోనూ దొరుకుతుంది కానీ అది నీళ్ళలో కరిగిపోతుంది, కుండ పీల్చేసుకుంటుంది. రాతిలో బిగిసిన క్షారం అలా పోదు. పొడిచేసి నీళ్ళలో కలిపి మజ్జిగలా పూయొచ్చు. అందుకే పింగాణీ పనిలో ఫెల్‌స్పార్ లేనిదే రోజు గడవదు.

ఆ క్షారం రెండు రకాలు. పొటాష్ స్పార్, సోడా స్పార్. పుస్తకాల లెక్క ప్రకారం శుద్ధమైన పొటాష్ స్పార్‌లో నూటికి 16.9 పొటాష్, 18.4 అల్యూమినా, 64.7 సిలికా. శుద్ధమైన సోడా స్పార్‌లో 11.8 సోడా, 19.4 అల్యూమినా, 68.8 సిలికా. గనిలో ఏదీ ఇంత శుద్ధంగా దొరకదు. రెండూ కలిసే ఉంటాయి, ఎంతెంత అన్నది ఊరిని బట్టి, గనిని బట్టి, ఒక్కోసారి అదే గనిలో గోడని బట్టి మారుతుంది. కాబట్టి "ఫెల్‌స్పార్ 40" అని రాస్తే సగమే రాసినట్టు. ఏ ఊరిది అన్నది మిగతా సగం.

నెల్లూరు జిల్లా వాళ్ళకి గూడూరు అంటే మొదట గుర్తొచ్చేది రైల్వే జంక్షను, తర్వాత నిమ్మకాయల మార్కెట్టు. మా పెద్దవాళ్ళకి మాత్రం అభ్రకం. కాకిబంగారం అని పిల్లలు ఏరుకుని ఆడుకునే రేకు. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి వైపు భూమిలో పెగ్మటైట్ అనే ముతక రాతి పట్టీలు ఉన్నాయి. గ్రానైటులో గింజలంత ఉండేవి ఇందులో బండలంత ఉంటాయి. ఇనికుర్తి గనిలో అడ్డంగా పదడుగులు ఉన్న అభ్రకం దిమ్మలు దొరికినట్టు వందేళ్ళనాటి విజ్ఞాన గ్రంథాల్లో ఎక్కింది. నెల్లూరు అభ్రకానికి పచ్చని ఛాయ ఉంటుంది. బీహారు వైపు కొడవలితో అంచులు చెక్కితే మన దగ్గర కత్తెరతో కత్తిరించేవాళ్ళు. అంచు చూసి ఏ ప్రాంతపు సరుకో బేరగాళ్ళు చెప్పేవాళ్ళట.

అభ్రకం కోసం తవ్వితే దానితోపాటే పలుగూ, ఫెల్‌స్పారూ వచ్చిపడేవి. గనివాడికి అవి చెత్త. గట్టు మీద గుట్టలుగా పోసేవాళ్ళు. పింగాణీ ఫ్యాక్టరీలకి ఆ గుట్టలే గని. కూలికి వచ్చిన ఆడవాళ్ళు గుట్ట దగ్గర కూర్చుని ఇనపమరక ఉన్న రాయి పక్కకి, అభ్రకం అంటుకున్నది పక్కకి, తెల్లగా చదునుగా విరిగేది బుట్టలోకి వేసేవాళ్ళు. మా పెద్దనాయన తల్లి, మా అవ్వ, పెళ్ళికి ముందు చేసిన పని అది. పలుగు విరిగితే గాజుపెంకులా వంకరగా విరుగుతుంది, స్పార్ విరిగితే మెట్టులా చదునుగా విరుగుతుంది. ఈ తేడా మా అవ్వకి ఏ పాఠశాలా చెప్పలేదు. గ్లేజు నాణ్యత మొదట తేలేది ఆ బుట్ట దగ్గరే. ఇనుము కాస్త ఎక్కువైతే తెల్లజాడీ మీద మచ్చలు పడతాయి మరి. ఆ దుమ్ములో కూర్చున్నవాళ్ళ ఊపిరితిత్తులకి ఏమైందో అది వేరే కథ. అభ్రకం గని కూలీల సంక్షేమానికని 1946లో చట్టం వచ్చింది, కలిచేడులో ఆసుపత్రి పెట్టారు. అది కొంత ఆదుకుంది.

ఇక బెంగళూరు. శివనసముద్రం జలవిద్యుత్తు 1902లో కోలారు బంగారు గనులకి, 1905లో బెంగళూరు వీధులకి వచ్చింది. కరెంటు తీగ స్తంభాన్ని తాకకుండా మధ్య పింగాణీ గిన్నెలు కావాలి కదా, ఇన్సులేటర్లు. అవన్నీ విదేశాల నుంచి వచ్చేవి. మైసూరు సంస్థానం ఆ సరుకు సొంతంగా చేసుకుందామని 1930లలో, మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉన్న రోజుల్లో, మల్లేశ్వరం అవతల సైన్స్ ఇన్‌స్టిట్యూట్ పక్కన గవర్నమెంట్ పోర్సెలిన్ ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత జపాను ఎన్‌జీకే కంపెనీ సాంకేతిక సాయం వచ్చింది, పేరు మైసూర్ పోర్సెలిన్స్ అయింది, 1976లో బీహెచ్ఈఎల్ తీసుకుంది. ఇప్పుడు ఆ వైపు వెళ్తే సి.ఎన్.ఆర్. రావు సర్కిల్ దగ్గర గోడ మీద ఎలక్ట్రో పోర్సెలిన్స్ డివిజన్ అన్న పేరు కనిపిస్తుంది. పెద్దనాయన 1950ల చివర్లో గూడూరులో రైలెక్కి వచ్చి చేరింది అక్కడే, గ్లేజు కలిపే గదిలో.

ఇన్సులేటర్ పింగాణీకి పాత పాళ్ళు మట్టి 50, స్పార్ 25, పలుగు 25. అందులో గ్లేజు అందానికి కాదు. కాలిన తర్వాత చల్లారేటప్పుడు లోపలి మట్టికన్నా పైనున్న గ్లేజు ఒక వెంట్రుకవాసి తక్కువ ముడుచుకోవాలి. అప్పుడు గ్లేజు ఒత్తిడిలో ఉండి మొత్తం ముక్కని గట్టిపరుస్తుంది. తలకిందులైతే, అంటే గ్లేజే ఎక్కువ ముడుచుకుంటే, పైన సన్నటి పగుళ్ళు పడతాయి, ముక్క బలం తగ్గుతుంది. తీగల బరువు మోసే వస్తువుకి అది ప్రమాదం. అందుకని స్పార్ వ్యాగను వచ్చినప్పుడల్లా గుప్పెడు పొడి తీసుకుని, చిన్న గోపురంలా అద్ది, బట్టీలో కాల్చి, పాత వ్యాగను గోపురం పక్కన పెట్టి చూసేవాళ్ళు. పెద్దనాయన పని అది. రసాయన విశ్లేషణ రిజిస్టరులో ఉండేది. ఆ రిజిస్టరు ఫ్యాక్టరీది, నోటుపుస్తకం మాది. ఇంటి పుస్తకంలో ఆయన "గూడూరు" అని ఊరుకున్నది అందుకే. రోజూ చూసే మనిషికి ఆ మూడక్షరాల్లోనే పొటాష్ ఎంత, సోడా ఎంత, ఇనుము ఎంత అన్నీ ఉన్నాయి. చదివే మాకు లేవు.

అభ్రకం యుగం మా చిన్నప్పటికే ఒరిగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోలకీ, విమానాలకీ అభ్రకం లేనిదే గడవక బ్రిటనూ అమెరికా కలిసి 1942లో కొనుగోలుకి ప్రత్యేక బృందాన్నే పంపాయి. తర్వాత ట్రాన్సిస్టరు వచ్చి రేడియో గొట్టాల్ని తోసేసింది. తుక్కు అభ్రకాన్ని నూరి కాగితంలా అచ్చుపోసే పద్ధతి వచ్చింది. పెద్ద రేకులకి గిరాకీ పోయింది. మిగిలిన పెద్ద ఖాతాదారు సోవియట్ యూనియన్, అది 1991లో లేకుండా పోయింది. గనులు ఒక్కొక్కటే నీళ్ళు నిండాయి. అభ్రకం ఆగితే గట్టు మీద కొత్త గుట్ట పడదు. గుట్ట లేకపోతే ఏరేవాళ్ళకి పని లేదు. ఫెల్‌స్పార్‌ని ఎవరూ ఆపలేదు, దాని పక్కనున్నదాన్ని ఆపేశారు. ఇదే విచిత్రం.

పెద్దనాయన రిటైరయ్యాక పెరట్లో చిన్న గ్యాసు బట్టీ కట్టుకుని జాడీలు చేశారు. చుట్టాలకి, ఆ వీధి కన్నడంవాళ్ళకి. వాళ్ళు దాన్ని భరణి అంటారు. మనకి భరిణె అంటే కుంకుమ పెట్టుకునేది, వాళ్ళకేమో పదికిలోల ఉప్పినకాయ పట్టేది. ఈ తేడా మీద మా ఇంట్లో ఎప్పుడూ నవ్వులాటే. గూడూరు నుంచి తెచ్చుకున్న స్పార్ బస్తాలు ఆయన పోయేదాకా వచ్చాయి. తర్వాత వదిన కొన్నాళ్ళు పొదుపుగా వాడింది. చివరికి ఒక పాత డాల్డా డబ్బాలో రెండు కిలోల పొడి, నాలుగు రాళ్ళు మిగిలాయి.

వదిన పని నేర్చుకున్నది పాండిచ్చేరి సంప్రదాయంలో. అక్కడ రే మీకర్, డెబోరా స్మిత్ 1971లో పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చుకున్నవాళ్ళు బెంగళూరులోనూ ఉన్నారు. వాళ్ళలో ఒకరి దగ్గర. కాబట్టి గూడూరు స్పార్ అయిపోతే దుకాణంలో బస్తా కొనుక్కుంటే చాలని తనకీ, మాకూ ఒకే ధీమా. ఒక దుకాణంలో "పొటాష్ ఫెల్‌స్పార్, 200 మెష్" అని రాసున్న బస్తా తెచ్చాం. ఏ ఊరిదో సంచీ మీద లేదు, అడిగితే చెప్పలేదు. పాళ్ళు అవే, బట్టీ అదే, వేడి అదే. జాడీలు ముందుకన్నా తళతళలాడుతూ వచ్చాయి. వారం తిరక్కుండా రాత్రిపూట వంటింటి అలమారలోంచి టింగు, టింగుమని చప్పుడు. గ్లేజు పగుళ్ళు.

పగిలితే ఏమవుతుంది, చూడ్డానికి బానే ఉంటుంది కదా అంటారేమో. పూలకుండీ అయితే ఏమీ కాదు. జాడీకి అలా కాదు. ఆవకాయలో ఉప్పు, పులుపు, నూనె మూడూ ఏడాదిపాటు ఉంటాయి. పగుళ్ళలోంచి ఉప్పునీరు మట్టిలోకి దిగుతుంది. ఒక జాడీలో ఉప్పునీళ్ళు పోసి నెల ఉంచి చూశాం. అడుగున బయటివైపు తెల్లగా ఉప్పు పూసింది. నూనె దిగితే ఇక ఆ జాడీ కడిగినా వాసన పోదు, మరుసటేడు పెట్టిన ఊరగాయ పాడవుతుంది. ఉగాది వెళ్ళి కాయ దిగే రోజులు. చుట్టాల ఇళ్ళ నుంచి ఏడు జాడీలకి మాట తీసుకుని ఉన్నాం. ఆ ఏడు ఒక్కటీ ఇవ్వలేదు.

కారణం సోడా. అన్ని క్షారాల్లోకీ వేడికి ఎక్కువ వ్యాకోచించేది సోడా, చల్లారితే ఎక్కువ ముడుచుకునేదీ అదే. గ్లేజులో సోడా పెరిగితే మట్టి ఒంటికి గ్లేజు రవిక బిగుతవుతుంది, బిగుతైన చోట చిటులుతుంది. ఆ బస్తాలో ఉన్నది పేరుకే పొటాష్ అని అనుమానం వచ్చింది. అప్పుడు డాల్డా డబ్బా తీశాం.

ఇక్కడ ఇంట్లో పెద్ద వాదన జరిగింది. మిగిలిన రెండు కిలోలతో ఆ ఏడాదికి కనీసం రెండు మంచి జాడీలు చేసి, పెద్దనాయన జ్ఞాపకంగా ఉంచుకుందాం అని ఒక పక్షం. వదిన ఒప్పుకోలేదు. అది ఇక గ్లేజు కాదు, తూకపురాయి అంది. తూకపురాయిని వండుకు తింటారా అని అడిగింది. సరే అన్నాం.

పెద్దనాయన వ్యాగన్లకి చేసిన పరీక్షే చేశాం. గూడూరు పొడి ఒక గోపురం, బస్తా పొడి ఒక గోపురం, పక్కపక్కన పలక మీద పెట్టి 1280కి కాల్చాం. గూడూరుది అంచులు గుండ్రమై, పాలమీగడ రంగులో, బొద్దుగా నిలబడి ఉంది. బస్తాది గాజులా తేటపడి, పలక మీద చప్పగా పరుచుకుంది. పొటాష్ స్పార్ కరిగినా చిక్కగా ఉంటుంది, సోడాది పల్చబడుతుంది. చూడగానే తెలిసిపోయింది కానీ ఎంత తేడానో కళ్ళు చెప్పవు. రెండిట్లోంచి యాభై గ్రాముల చొప్పున ప్రయోగశాలకి పంపాం. కాగితం వచ్చింది. బస్తా రాయిలో పొటాష్ కన్నా సోడాయే ఎక్కువ.

ఆ కాగితాన్ని గ్లేజు లెక్కలోకి మార్చే పద్ధతి జర్మన్ రసాయనవేత్త హెర్మన్ సెగర్‌ది. బెర్లిన్ రాజ పింగాణీ ఫ్యాక్టరీలో పని చేసినాయన. బట్టీ వేడి కొలిచే కోన్లని 1886లో తెచ్చిందీ ఆయనే. గ్లేజుని బస్తాల తూకంగా కాకుండా అణువుల లెక్కగా రాయమన్నాడు. కరిగించేవాటన్నిటినీ కలిపి ఒకటి అనుకుంటే, దానికి అల్యూమినా ఎన్ని వంతులు, సిలికా ఎన్ని వంతులు అని. శుద్ధమైన పొటాష్ స్పార్ అనుకుని 40-30-20-10 లెక్క కడితే పొటాష్ 0.26, సున్నం 0.74, అల్యూమినా 0.41, సిలికా 3.7 వస్తుంది. అదే చోట శుద్ధమైన సోడా స్పార్ 40 వేసి కట్టి చూడండి. సోడా 0.28, సున్నం 0.72, అల్యూమినా 0.42, సిలికా 3.75. దాదాపు అవే అంకెలు! మా బావ ఇంజినీరు, ఈ లెక్క చూసి రెండూ ఒకటే కదా అన్నాడు. ఒకటి కాదు. మొదటి అంకె పక్కనున్న పేరు మారింది, జాడీ పగలడానికి అది చాలు. సెగర్ లెక్క మనకి ఎక్కడ వెతకాలో చూపిస్తుందే గానీ ఎంతవరకు సరిపోతుందో చెప్పదు. అది బట్టీయే చెప్పాలి.

మా మటుకు పని ఇలా సాగింది. ముందు, పాత బస్తా పక్కన పెట్టి, విశ్లేషణ కాగితం ఇస్తానన్న వ్యాపారి దగ్గర తెలంగాణ వైపు పొటాష్ స్పార్ కొన్నాం. ధర ఎక్కువే. అది గూడూరు రాయికన్నా పొటాష్‌లో బలంగా ఉంది, అంటే ఇటు తప్పు. గ్లేజు కాస్త మందకొడిగా కరిగి, సూదిమొన బెజ్జాలు పడ్డాయి. దాంట్లో పక్కన పెట్టిన సోడా బస్తాని కొద్దికొద్దిగా కలుపుతూ అయిదు గిన్నెలు చేశాం. ఒక్కో గిన్నెకి రెండేసి బిళ్ళలు. తర్వాత నచ్చిన గిన్నెని తీసుకుని పలుగు మూడు, ఆరు, తొమ్మిది పాళ్ళు పెంచి మళ్ళీ. సిలికా తక్కువ వ్యాకోచిస్తుంది గనక పగుళ్ళకి అది మందు, మోతాదు మించితే గ్లేజు మొద్దుబారుతుంది. ఒకసారికి ఒకటే మార్చాలి, మట్టీ సుద్దా ముట్టుకోకూడదు. ఇది వదిన పెట్టిన నియమం. దీన్ని తప్పకుండా పాటించినందుకే పది నెలలు పట్టింది.

చివరికి మా మట్టికి కుదిరింది: పొటాష్ స్పార్ 34, సోడా స్పార్ 6, పలుగు 33, సుద్ద 20, చీనామట్టి 10. కూడితే 103. ఎవరైనా నూటికి సరిచేసుకోమంటే వదిన సరిచెయ్యదు, పాత వరస పక్కన పెట్టి చూస్తే ఏం మారిందో కనపడాలి అంటుంది. మీ మట్టికి ఇది కుదరకపోవచ్చు. పాళ్ళు కాదు, చేసిన తీరు చూడండి.

పరీక్షలు కూడా చెప్పాలి, ఇవి ఎవరింట్లోనైనా చేసుకోవచ్చు. చిన్న గిన్నెని ఫ్రీజరులో రాత్రంతా ఉంచి, తీసి మరిగే నీళ్ళలో వేస్తే, దాగి ఉన్న పగుళ్ళు మూడు నాలుగు సార్లకి బయటపడతాయి. నిమ్మచెక్క బోర్లించి ఒక రాత్రి ఉంచి, తెల్లారి కడిగి, ఆ చోట మెరుపు తగ్గిందా రంగు మారిందా అని వెలుతురుకి వంచి చూడాలి. తగ్గితే ఆ గ్లేజు పులుపుకి పనికిరాదు. మాకు ఇంకో సలహా కూడా ఇచ్చారు, ఇంత కష్టం ఎందుకు, తక్కువ వేడికి కరిగే రెడీమేడ్ గాజుపొడి వేసుకోండి, స్పార్ గొడవే ఉండదని. తక్కువ వేడి గ్లేజుల్లో కొన్నిటికి సీసం కలుపుతారు. ఆవకాయ పులుపు సీసాన్ని లాగేస్తుంది. అందంగా రంగులేసిన, తక్కువ వేడికి కాల్చిన మట్టిపాత్రలో ఏ ఊరగాయా పెట్టకండి, ఎవరు కానుకిచ్చినా సరే. సీసం లేదని కాగితం చూపిస్తే అప్పుడు ఆలోచించొచ్చు.

ఈ బాధ మా ఒక్కళ్ళదే కాదని తెలిసింది మా మేనకోడలి వల్ల. తను అమెరికాలో సాయంత్రాలు కుండలు చేస్తుంది. అక్కడి పుస్తకాల్లో గ్లేజులన్నీ కస్టర్, జి-200, కోనా ఎఫ్-4 అనే పేర్లతో ఉంటాయట. కస్టర్ అంటే సౌత్ డకోటాలో ఒక ఊరు. కోనా ఎఫ్-4 నార్త్ కరొలినాలోని స్ప్రూస్ పైన్ సోడా స్పార్, అది ఆగిపోయి దాని బదులు మిన్‌స్పార్ 200 వచ్చింది. జి-200 కి గని మారుతూ హెచ్‌పీ అని, ఈయూ అని తోకలు తగిలాయి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను స్ప్రూస్ పైన్‌ని ముంచెత్తితే అక్కడి గనులు కొన్నాళ్ళు ఆగాయి, కుండలవాళ్ళు బస్తాల కోసం వెతుక్కున్నారు. ఈ మధ్య కస్టర్ దొరకడం కష్టమై తను వాడుతున్న బస్తా ఫోటో పంపింది. మహావీర్ అని పేరు, భారతదేశం నుంచి వచ్చిన పొటాష్ స్పార్. మేము బెంగళూరులో కూర్చుని మన రాయి దొరకలేదని ఏడుస్తుంటే, మన రాయి సముద్రం దాటి వాళ్ళ గ్లేజులో పడుతోంది. తనకి మాత్రం ఒక సౌకర్యం ఉంది: అక్కడ అమ్మేవాళ్ళు విశ్లేషణ కాగితం అడక్కుండానే ఇస్తారు.

ఇక్కడ ఇవ్వకపోవడానికి కారణం పెద్ద కుట్రేమీ కాదు. దేశంలో ఫెల్‌స్పార్ ఎక్కువగా రాజస్థాన్ నుంచి, మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వస్తుంది. పెద్ద గిరాకీ గుజరాత్ మోర్బీ టైల్స్‌ది. టైల్స్‌కి సోడా స్పార్ ఇష్టం, త్వరగా కరుగుతుంది కాబట్టి. లారీల లెక్కన కొనేవాళ్ళకి మిల్లు పరీక్షించి ఇస్తుంది. నెలకి అర బస్తా కొనే మాలాంటివాళ్ళకి, ఆ రోజు మిల్లులో ఏ రాళ్ళు నలిగితే అవి.

చట్టంలోనూ ఈ రాయి స్థానం మారుతూ వచ్చింది. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాల్ని చిన్నతరహా ఖనిజాలుగా ప్రకటిస్తే ఫెల్‌స్పార్ వాటిలో ఒకటి, రాష్ట్రాల చేతికి వచ్చింది. 2025 ఫిబ్రవరి 20న ఫెల్‌స్పార్, పలుగు, అభ్రకం, వాటితోపాటు మన మంగంపేట ముగ్గురాయి, నాలుగింటినీ మళ్ళీ ప్రధాన ఖనిజాల్లో చేర్చారు. పెగ్మటైట్ పట్టీల్లో లిథియంలాంటి విలువైనవి ఉంటాయి, అవి లెక్కకి రావాలని. ఒకప్పుడు అభ్రకం వెనకాల స్పార్ చెత్తగా వచ్చేది. రేపు లిథియం వెనకాల మళ్ళీ వస్తుందేమో చూడాలి. గూడూరులో ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఇంకా ఉంది, రాతిని చదవగలిగే పిల్లలు అక్కడ ఇప్పటికీ తయారవుతున్నారు.

వదిన కొత్త నోటుపుస్తకం పెట్టింది. ప్రతి బస్తాకి ఒక పేజీ: కొన్న తేదీ, విశ్లేషణ కాగితం అంటించడం, కాల్చిన గోపురాన్ని దారంతో పేజీకి కట్టడం. పుస్తకం లావై మూతపడట్లేదు. పాత పుస్తకం మా పిల్లలకి చూపిస్తే వాళ్ళు 40, 30, 20, 10 గడగడా చదివారు. కన్నడం, ఇంగ్లీషు చదువులు, తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం రాదు. అంకెల ముందు ఏం రాసుందో మేమే చదివి చెప్పాం. కొత్త పుస్తకంలో రాళ్ళ పేర్లు మూడు లిపుల్లోనూ రాస్తోంది వదిన. పెద్దమ్మాయి వాటి పక్కన తెలుగు అక్షరాలు దిద్దుతోంది. ప్రస్తుతానికి "గూ" దాకా వచ్చింది.

డబ్బాలో ఇంకా కిలోంబావు పొడి, రెండు రాళ్ళు ఉన్నాయి. మీలో ఎవరి తాతలైనా కలిచేడు, సైదాపురం, రాపూరు వైపు గనుల్లో గానీ, పింగాణీ ఫ్యాక్టరీల్లో గానీ పని చేసి ఉంటే, ఇంట్లో పాత విశ్లేషణ కాగితాలో, రిజిస్టరు నకళ్ళో ఉంటే, దయచేసి పారెయ్యకండి. ఏ గని, ఏ ఏడు అన్నది రాసుంటే చాలు, మాకు ఒక ఫోటో పంపండి. మా రాయి పక్కన పెట్టి చూస్తాం.